పరీక్ష పెట్టి కూడా ఏమీ తెలుసుకోకుండా ఉండటం ఎలా?

ఉపాధ్యాయ మిత్రులారా! పిల్లవాడికి ఏం రాలేదో పంతులుకు చెప్పడానికే పరీక్ష అని శిక్షణ తరగతుల్లో ఊదరగొడతారు. పరీక్షను ఆ మాట చెప్పనివ్వకండి. ఒకసారి తెలిసిందంటే మళ్ళీ పాఠం చెప్పాల్సి వస్తుంది. తుళ్లూరు మండలంలో చాక్‌పీస్ అరగకుండా పాతికేళ్ళు నెట్టుకొచ్చిన అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

1. మార్కు చూడండి, జవాబు చూడకండి. మూడో తరగతి లెక్కల పేపరు తీయండి. 42లోంచి 17 తీసెయ్యమంటే ఒకడు 35 వేశాడు. ఇంటూ కొట్టి తర్వాతి పేపరుకు వెళ్ళండి. వాడి వెనకవాడూ 35. కిటికీ పక్క పిల్లా 35. ఇక్కడే జాగ్రత్త! సగం క్లాసు ఒకే తప్పు ఎందుకు చేసిందని ఆలోచించారా, కొంప మునిగినట్టే. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశారని, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వాళ్ళకు రాలేదని బయటపడుతుంది. ఇక రేపు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టుకుని మొదట్నుంచీ మొదలెట్టాలి. అంత శ్రమ దేనికి? ఒకరిది చూసి ఒకరు రాశారని తేల్చేయండి. అయినా అప్పు తేవడం మిర్చి రైతు బిడ్డలకు ఒకరు నేర్పాలా!

2. క్లాసు సగటు పెంచే ఉపాయం పొలంలో ఉంది. ఎస్‌ఏ-1 (ఏడాది మధ్య పరీక్ష) నాటికి పత్తి తీతలు, ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) నాటికి మిరపకోతలు. చివరి బెంచీ వాళ్ళు అమ్మకు సాయంగా పెదపరిమి చేలకు పోతామంటే పెద్ద మనసుతో ఒప్పుకోండి. వాళ్ళు రాకపోతే సగటు దానంతటదే లేస్తుంది.

3. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు ఒక్క రాత్రిలో, టీవీ ముందు పూర్తిచేయండి. పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, లఘుపరీక్ష అని నాలుగు గళ్ళుంటాయి. అన్నిట్లో నిండు మార్కులే వేస్తే మండల విద్యాధికారి గారికి అనుమానం వస్తుంది, మధ్యమధ్య ఒకటీ రెండూ తగ్గించండి. ప్రాజెక్టుకు నిరుటి చార్టు మీద పేరు మారిస్తే చాలు.

4. ఎవరైనా నిలదీస్తే పరిశోధన చూపించండి. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే అర్థశాస్త్రవేత్తలు వంద పల్లె బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ తడబడ్డారో వివరంగా రాసిన నివేదికలు టీచర్ల చేతికిచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గానే కనిపించారు. ఏడాది చివర చూస్తే, నివేదికలు అందని బడుల పిల్లల కంటే వీళ్ళ పిల్లలకు మార్కులేం పెరగలేదు. మన పూర్వీకుల నైపుణ్యం చూశారా! ఇక్కడితో ఆపేయండి. మరికొన్ని బడుల్లో అవే నివేదికలిచ్చి, మార్కులు పెరిగితే బోనస్ కూడా ఇస్తామంటే పిల్లలకు చదువు వచ్చిందన్న సంగతి స్టాఫ్‌రూంలో ఎత్తకండి. నివేదికలో పనికొచ్చే సరుకు ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది.

5. జాతీయ స్థాయి అభ్యసన సర్వే లాంటిది మీ బడికి తగిలితే వారం రోజులు పాఠాలు మానిపించి, జవాబు పత్రంలో బబుల్స్ గుండ్రంగా దిద్దడం నేర్పండి. చేతిరాత బాగుపడుతుంది.

6. తల్లిదండ్రులు వస్తే, "మీవాడు తెలివైనోడేనండీ, శ్రద్ధే లేదు" అనండి. ఏ బిడ్డకైనా సరిపోతుంది. మొన్న ఒకాయన వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో 42 టిక్కీల (బస్తాల) మిర్చి పెట్టి, 17 తీసి యార్డులో అమ్మాడట. ఎన్ని మిగిలాయిరా అని కొడుకునడిగితే 35 అన్నాడట.

"నిజమేనా మాస్టారూ?" అన్నాడు.

తడుముకోకండి. మన బడి చదువు పుణ్యాన పది టిక్కీలు కలిసొచ్చాయని చెప్పండి.