అంగుళాల పంచాయితీ

(రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల షాపు. కొనేది రిటైరైన లెక్కల మేస్టారు, డబ్బులు ఆయనవి. పక్కన ఆయన భార్య, అంటే అమ్మగారు. అభిప్రాయాలు మాత్రం ఎదురింటి సర్వజ్ఞరావువి. వీధిలో ఎవరేం కొన్నా వెంట వెళ్ళడం ఆయన ఉద్యోగం, జీతం లేదంతే. కౌంటరు మీద రెండు ట్యాబ్‌లు: ఒకటి ఎనిమిది అంగుళాలు, ఒకటి పదకొండు. వెనక కుర్రాడు.)

సర్వజ్ఞరావు: ఇందులో ఆలోచించేదేముంది మేస్టారూ, పెద్దది తీసుకోండి. చిన్నది పట్టుకు తిరిగితే, పాపం పెన్షన్ సరిపోలేదు కాబోలు అనుకుంటారు. ఏడంగుళాల ట్యాబ్ వాడాలంటే వేళ్ళకి ఉప్పు కాగితం పెట్టి అరగదీసుకోవాలని స్టీవ్ జాబ్స్ 2010లోనే అన్నాడు.

కుర్రాడు: అవును సార్, పెద్దదే బాగా పోతోంది.

మేస్టారు: ఆ కంపెనీయే 2012లో 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీ అమ్మింది కదండీ. ఎవరి వేళ్ళు అరిగాయి?

కుర్రాడు: అవును సార్, చిన్నదే బాగా పోతోంది.

సర్వజ్ఞరావు: ఐప్యాడ్ సంగతి వదిలెయ్యండి. 2011లో మన ప్రభుత్వం పిల్లలకని తెచ్చిన ఆకాశ్ ఏడంగుళాలే. ఏమైంది?

మేస్టారు: దాని జబ్బు అంగుళాలది కాదు, అద్దానిది. తాకితే పలికేది కాదు, నొక్కాలి. చిన్నది కాబట్టి చెడ్డది అనేస్తే ఎలాగండీ?

అమ్మగారు: మూడంగుళాల తేడాకి ఇంత చర్చా?

మేస్టారు: మూడు కాదే. ఈ అంగుళాలు మూల నుంచి మూలకి కొలుస్తారు. రెండింటిదీ ఒకే ఆకారమైతే వైశాల్యం వర్గాల లెక్కన పోతుంది. ఎనిమిది ఎనిమిదులు 64, పదకొండు పదకొండ్లు 121. అంటే పెద్దదాని అద్దం చిన్నదానికి దాదాపు రెట్టింపు.

సర్వజ్ఞరావు: నేనన్నదీ అదే!

మేస్టారు: బరువు మాటో? చిన్నది మూడొందల గ్రాముల పైచిలుకు. పెద్దది అర కిలోకి కాస్త తక్కువ, కవరు వేస్తే ఆ కాస్తా నిండిపోతుంది. నేనేమో వెల్లకిలా పడుకుని చదివే మనిషిని.

అమ్మగారు: చదవడం ఎంతసేపు, మూడో పేజీకి గురక. ఇది జారి ముక్కు మీద పడిందంటే కొత్త కళ్ళజోడు ఖర్చు కూడా చూసుకోండి.

సర్వజ్ఞరావు: అయితే చిన్నదే! మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను. హాయిగా జేబులో పడుతుంది.

(మేస్టారు చిన్నదాన్ని లాల్చీ జేబులో దింపి చూస్తారు. సగం లోపలికి వెళ్ళి ఆగింది. లాల్చీ ఎడమ భుజం కిందికి జారింది. కుర్రాడు నవ్వాపుకుని, రెండు చేతులూ జేబు కింద చాచి నిలబడ్డాడు.)

అమ్మగారు: తీసెయ్యండి, కుట్లు ఊడతాయి.

మేస్టారు: (సంచీలోంచి ఆరంగుళాల స్కేలు తీసి) బాబూ, రెండూ నిలువుగా పెట్టు. చిన్నదాని అద్దం వెడల్పు 11 సెంటీమీటర్ల లోపే. పెద్దది 15కి దగ్గర. ఏ4 కాయితం వెడల్పు 21. అంటే పీడీఎఫ్‌లో 12 పాయింట్ల అక్షరం చిన్నదాన్లో ఆరు పాయింట్లకి దిగిపోతుంది.

కుర్రాడు: రెండు వేళ్ళతో ఇలా లాగితే పెద్దదవుతుంది కదా సార్.

మేస్టారు: అవుతుంది. నేను చదివేది స్కాన్ చేసిన పాత 'భారతి' సంచికలు. అది ఫోటో నాయనా. అక్షరం పెరిగితే వరుస కిందికి మడత పడదు, పక్కకి జారిపోతుంది. సగం వాక్యం ఇక్కడ, తక్కిన సగం కోసం తోసుకుంటూ వెళ్ళాలి. లాగకుండా చదువుదామంటే 'రాష్ట్రం' కింద రెండు వత్తులూ కలిసి ఒక నలుసు. నలభై ఏళ్ళు బ్లాక్‌బోర్డు చూసిన కళ్ళివి.

కుర్రాడు: అయితే ఇది చూడండి సార్. ఇదీ పదకొండే, రేటు బాగా తక్కువ.

అమ్మగారు: అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయేం నాయనా?

మేస్టారు: అద్దం మీద చుక్కలు, అదే పిక్సెళ్ళు, చాలలేదు. మొదటి ఐప్యాడ్ మినీకీ, అంతకు ముందొచ్చిన 9.7 అంగుళాల ఐప్యాడ్ 2కీ చుక్కల లెక్క ఒకటే, 1024 ఇంటూ 768. చిన్నదాన్లో దగ్గర దగ్గరగా కూర్చున్నాయి కాబట్టి అక్షరం తీరుగా కనపడేది.

అమ్మగారు: అదే చుక్కల ముగ్గు పెద్ద వాకిట్లో వేస్తే వెలితిగా ఉండదూ, అలాగన్నమాట.

సర్వజ్ఞరావు: చెల్లెమ్మ కూడా చిన్నదే అంటోంది!

అమ్మగారు: నేనలా అన్లేదన్నయ్యగారూ. చుక్కలు చాలినన్ని ఉన్న పెద్దదే కావాలి. చిన్నది ఈయన చేతిలోనే ఉంటుంది. పెద్దదైతే ఇంట్లో ఉంటుంది. పోపుల డబ్బాకి ఆనించి వంట వీడియో చూసుకోవచ్చు. డల్లాస్ నుంచి మనవరాలు మాట్లాడితే ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూడొచ్చు. ఇప్పుడు ఫోన్లో దానికి కనపడేది ఈయన నుదురూ నా చెవీ.

మేస్టారు: మరి అర కిలో ఎవరు మొయ్యాలే?

అమ్మగారు: మావయ్యగారి వ్యాసపీఠం అటక మీద ఉంది. భాగవతమంత పుస్తకాన్ని మోసింది, దీన్ని మొయ్యదూ?

సర్వజ్ఞరావు: వ్యాసపీఠం ఇంట్లో సరే, ప్రయాణాల్లోనో? అందుకే చిన్నది...

అమ్మగారు: మేం వెళ్ళేది ఏడాదికోసారి తిరుపతి. గుళ్ళోకి ఎనిమిదైనా పదకొండైనా రానివ్వరు.

కుర్రాడు: (సర్వజ్ఞరావుతో) ఇంతకీ మీరు ఏ సైజు వాడతారు సార్?

సర్వజ్ఞరావు: నాకా? నాకు లేదోయ్. ఇంకా ఆలోచిస్తున్నాను.

మేస్టారు: బాబూ, ఆ మొదటి పెద్దదే ప్యాక్ చెయ్యి. పీఠం ముందు కూర్చునే చదువుతాను, పడుకుంటే ఎలాగూ నిద్రే. కవరు పల్చటిది చాలు. బిల్లులో 18 శాతం జీఎస్టీ విడిగా చూపించు, లెక్క సరిచూసుకోవాలి.