వోల్టు పదియు రెండు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

అమెరికాలో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ పార్కుకు బయల్దేరే తెలుగు కుటుంబం పులిహోర మర్చిపోదు, ప్రెషర్ కుక్కర్ మర్చిపోదు. దారిలో పప్పు వేడిచేసుకోవడం ఎలాగన్నది మాత్రం బండి రాష్ట్రం దాటాక ఆలోచిస్తుంది. బండిలో గ్యాస్ పొయ్యి ఉంది. కానీ కదిలే బండిలో మంట వెలిగించడమంటే ప్రాణాలతో చెలగాటం. పైగా అందరూ బెల్టు కట్టుకుని కూర్చోవాలి, గరిటె పట్టుకుని నిలబడే వీల్లేదు. మైక్రోవేవ్ కూడా ఉంది. కానీ అద్దె బండ్లలో అది సాధారణంగా జనరేటర్ మీదో, క్యాంపులో తగిలించే కరెంటు మీదో తప్ప తిరగదు. ఇక మిగిలింది డాష్‌బోర్డులోని సిగరెట్ లైటర్ సాకెట్. అందులో గుచ్చే కెటిల్ ఒకటి, టిఫిన్ డబ్బా లాంటి వేడిపెట్టె ఒకటి కొనుక్కుని వచ్చారు. ఆ వేడిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కవి, "కాగిందా నాయనా?" అని అత్తగారు మళ్ళీ అడిగిన మీదట ఆశువుగా చెప్పిన పద్యం ఇది.

వోల్టు పదియు రెండు వోపిక నూరైన
తీగ సన్నమైన తీరదాశ
పప్పు వెచ్చనగును బండి సాగినకొద్ది
మరుగుటన్న మాట మరువుమన్న

ప్రతిపదార్థం

వోల్టు = విద్యుత్తును ముందుకు తోసే ఒత్తిడి; పదియు రెండు = పన్నెండు; వోపిక = ఓర్పు; నూరైన = నూటికి నూరుపాళ్ళు ఉన్నప్పటికీ; తీగ = ప్లగ్గు నుండి పాత్ర దాకా పోయే వైరు; సన్నమైన = సన్నదైనచో; ఆశ = వేడన్నం మీది ఆశ; తీరదు = నెరవేరదు; పప్పు = ముందురోజు వండి, ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిన కందిపప్పు; బండి సాగినకొద్ది = ఇంజను నడిచినంతసేపూ; వెచ్చనగును = గోరువెచ్చన దాటి, పొగలు రాకముందు ఆగే స్థితికి వచ్చును; మరుగుట అన్న మాట = సలసల కాగడమనే ఊహను; అన్న = ఓ అన్నా; మరువుము = మరిచిపొమ్ము.

వోపిక అని వకారం పెట్టడం తప్పని లాక్షణికులు అంటారు. నిజమే. పద్యం మొదట్లోనే వోల్టు వచ్చి కూర్చుంటే, యతిస్థానంలో ఉన్న ఓపిక మాత్రం ఏం చేస్తుంది? ఆకలితో ఉన్నవాడికి ఆపాటి మినహాయింపు ఇవ్వాలి.

వ్యాఖ్య

"పదియు రెండు" అని విడదీయడం ఛందస్సు కోసమేనని పైపైన చదివేవారు అనుకుంటారు. కాదు. ఈ పన్నెండు స్థిరమైన సంఖ్య కాదని ధ్వని. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటర్ దాన్ని 14 దగ్గరకు లేపుతుంది. బ్యాటరీ డస్సిపోతే 11 చిల్లరకు దిగుతుంది. కెటిల్ అడుగున ఉన్నది వట్టి నిరోధక తీగ. దాని వేడి వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటుంది. 12 దగ్గర 150 వాట్లు ఇచ్చే కెటిల్ 11 దగ్గర 126 వాట్లే ఇస్తుంది, 13.8 దగ్గర 198 దాకా పోతుంది. "బండి సాగినకొద్ది" అన్న మూడో పాదాన్ని మొదటి పాదంతో అన్వయించుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

1950ల మధ్య దాకా అమెరికన్ కార్లలో చాలావాటికి ఉన్నవి ఆరు వోల్టులే. అప్పుడైతే ఇదే వేడికి రెట్టింపు కరెంటు కావలసి వచ్చేది. కవి అదృష్టవంతుడు.

ఇక్కడ ఒక ఆక్షేపం. వోల్టులు తక్కువైతే ఏ పాత్రకైనా వేడి తక్కువే రావాలనడం శాస్త్రమేనా? కాదు. వాటు అంటే వోల్టును ఆంపియరుతో గుణించగా వచ్చేది. తక్కువ వోల్టులకని చేసే పాత్రలో నిరోధం తగ్గించి ఆంపియర్లు పెంచుకోవచ్చు, వేడి అంతే వస్తుంది. అయితే పెరిగిన ఆంపియర్లు పారే దారి కావాలి. అమెరికా వంటింట్లో 120 వోల్టుల మీద నడిచే 1,500 వాట్ల కెటిల్ తీసుకునేది 12.5 ఆంపియర్లు. బండిలోని 150 వాట్ల కెటిల్ తీసుకునేదీ సరిగ్గా 12.5 ఆంపియర్లే. తీగ మీద పడే బరువు ఒకటే, నీళ్ళకు అందే వేడి పదోవంతు. అర లీటరు నీళ్ళను 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి ఇంటి కెటిల్‌కు రెండు నిమిషాలు చాలు. బండి కెటిల్‌కు కాగితం మీద లెక్కేస్తేనే పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. గోడల్లోంచి, మూత సందుల్లోంచి పోయేది కూడా కలిపితే పాతిక అనుకోండి. అది ఒకరిద్దరి టీకి. ఆరుగురున్న బండిలో ఆఖరివాడి కప్పు వచ్చేసరికి మొదటివాడు మళ్ళీ అడుగుతుంటాడు.

"తీగ సన్నమైన" అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం. అంగట్లో దొరికే చౌకరకం పాత్రలకు సన్నటి వైరు, పైన దిట్టమైన ప్లాస్టిక్ తొడుగు వేసి ఇస్తారు. చూడ్డానికి లావుగానే ఉంటుంది, లోపల రాగి పెద్దగా ఉండదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మూడు మీటర్లు ఉందనుకుందాం. కరెంటు మూడు మీటర్లు వెళ్ళి మూడు మీటర్లు తిరిగి రావాలి. 12.5 ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు ఒక వోల్టు ఖర్చయిపోతుంది. ఒక వోల్టంటే 120లో లెక్కలోకి రాదు, 12లో పన్నెండో వంతు. వర్గం లెక్కన పాత్రకు అందే వేడి ఆరోవంతు తగ్గుతుంది. పోయిన వోల్టు ఊరికే పోదు, వైరును వేడి చేస్తుంది. కెటిల్ చల్లగా ఉండి ప్లగ్గు చురుక్కుమంటోందంటే కారణం అదే. ఆ సాకెట్ పుట్టింది సిగరెట్టు ముట్టించుకునే లైటర్‌ను కొన్ని క్షణాలు వేడి చేయడానికి. స్ప్రింగు బలంతో ఆనుకుని ఉండే చిన్న రేకు మీదుగా అరగంటసేపు 12 ఆంపియర్లు పంపడం దాని జాతకంలో రాసి లేదు. బండి గతుకుల్లో కదిలితే ఆ రేకు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. నల్లగా కమిలిన ప్లగ్గు చేతికొస్తే ఇంకో ప్లగ్గు కొనకండి, ఆ పాత్రనే అవతల పెట్టండి.

పప్పు అన్నాడు గాని సాంబారు అనలేదు. ఇది గమనించవలసిన ఔచిత్యం. వేడిపెట్టె నలభై వాట్ల సరుకు, మూడు నాలుగు ఆంపియర్లకు మించి అడగదు. పైన చెప్పిన తీగ దోషాలేవీ దీనికి పెద్దగా అంటవు. అడుగున పలక వెచ్చబడితే చాలు, లోపలిది మెల్లగా అందుకుంటుంది. పల్చటి సాంబారైతే వేడెక్కిన భాగం పైకి లేచి, చల్లనిది కిందికి దిగి, తనంతట తానే కలుస్తుంది. ముద్దపప్పు కదలదు. అడుగు కాలుతుంటే నడిబొడ్డు ఫ్రిజ్‌లో ఉన్నట్టే ఉంటుంది. మరి కవి పప్పే ఎందుకు పెట్టాడు? సాంబారు మలుపులో తొణుకుతుంది కనుక. పప్పు కదలకపోవడానికి విరుగుడు ఉంది. పప్పును వెడల్పాటి డబ్బాలో రెండు వేళ్ళ మందానికి మించకుండా పరిచి, పైన నాలుగు చెంచాల నీళ్ళు చిలకరించి, మూత బిగించి పెట్టాలి. అర కిలో పప్పన్నం ఫ్రిజ్ చల్లదనం నుంచి 74 డిగ్రీలకు రావడానికి నలభై వాట్ల మీద ఎలా లెక్కేసినా ముప్పావు గంట పడుతుంది, నిజంలో గంటన్నర. పదకొండున్నరకు గుచ్చితే ఒంటిగంటకు తినొచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేదాని ప్రకారం వండిన పదార్థం 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉండకూడదు, మళ్ళీ వేడి చేసింది 74 డిగ్రీలు అందుకోవాలి. అందుకని పొద్దున్నే పెట్టెలో పెట్టి మధ్యాహ్నం దాకా నులివెచ్చగా నానబెట్టడం పనికిరాదు. పెరుగన్నానికి ఈ పద్యం వర్తించదు.

ఇన్వర్టర్ పక్షంవారి పూర్వపక్షం ఇలా ఉంటుంది: ఇన్వర్టర్ పెట్టించి మైక్రోవేవ్ తిప్పుకుంటే అయిదు నిమిషాల పని, ఈ పద్యంతో పనేముంది? వీరిని తేలిగ్గా కొట్టేయలేం. 700 వాట్ల మైక్రోవేవ్ లోపలికి లాగేది 1,100 వాట్లకు అటూఇటూ. ఇన్వర్టర్ నష్టం కలిపితే బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు. అయిదు నిమిషాలకు ఖర్చయ్యేది ఎనిమిది ఆంపియర్-గంటలు మాత్రమే. కెటిల్ పాతిక నిమిషాలకు అయిదు తింటుంది. అంటే నిల్వ దగ్గర పెద్ద తేడా లేదు. తేడా అంతా ధార దగ్గర. ఒక్కసారిగా 100 ఆంపియర్లు లాగితే పాత సీసం బ్యాటరీ వోల్టులు కుంగిపోతాయి, ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతుంది. లిథియం బ్యాటరీ, బొటనవేలంత లావు కేబుళ్ళు ఉన్న సొంత బండి గలవారు ఈ పక్షంలో చేరవచ్చు. అద్దె బండివారు చేరరాదు.

గ్యాస్ పక్షంవారిది ఇంకా బలమైన వాదం. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉన్నది 1.2 యూనిట్ల కరెంటు; సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక చేతికి వచ్చేది 0.6. ఒక్క కిలో ప్రొపేన్‌లో దాదాపు 13 యూనిట్ల వేడి ఉంది. ఇంత తేడా ఉన్నాక వాదం దేనికి? సిద్ధాంతం ఏమంటే, నీళ్ళు మరగాల్సిన పనులన్నీ బండి ఆపి, కిటికీ తీసి, గ్యాస్ మీద చేసుకోవాలి. కెటిల్ కొనడమే దండగ అని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. వేడిపెట్టె మాత్రం కొనవచ్చు.

"మరుగుట" దగ్గర ఒక స్థలవిశేషం ఉంది. యెల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 2,350 మీటర్ల పైన ఉంది. అక్కడ నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి. మరగడం సులువైందని సంతోషించేలోపు, పప్పు ఉడకడం ఆలస్యమవుతుందని తెలుస్తుంది. ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చిన అత్తగారి దూరదృష్టికి ఇక్కడ నమస్కారం. చుట్టూ నేల పొగలు కక్కుతుంటుంది, వేడినీటి గుంటలు సలసల కాగుతుంటాయి. వాటిలో వండుకోవడం నిషేధం. 2020లో కొందరు ఒక వేడి ఊటలో కోళ్ళు ఉడికిస్తూ పట్టుబడి, జరిమానా కట్టి, పార్కులో అడుగుపెట్టకూడదన్న శిక్ష కూడా పొందారు. పార్కు లోపల కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ తగిలించుకునే వసతి ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కచోటే. జనరేటర్లను అనుమతించే క్యాంపుల్లోనూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే నడపనిస్తారు. తెల్లారుజామున కాఫీ లేనిదే కళ్ళు తెరవని మామగార్లకు ఇది గడ్డుకాలం.

అలంకారం: మరుగు, మరువు అన్న చోట అనుప్రాస. "అన్న" శ్లేష: అగ్రజుడనీ, అన్నమనీ. "అన్నమా, మరగడం మరిచిపో" అని అన్నాన్నే ఓదార్చినట్టు చదివే పాఠం కూడా ఉంది, అది అత్తగారి పాఠం. రసం శాంతం.

తాత్పర్యం

ఓ అన్నా, ఉన్నవి పన్నెండు వోల్టులే. నీకు ఎంత ఓర్పు ఉన్నా వైరు సన్నదైతే నీ కోరిక తీరదు. బండి నడుస్తుండగా పప్పు తినగలిగినంత వేడెక్కుతుంది, మరగడం గురించి మాత్రం అడగకు అని భావం.

పాఠకులకు మనవి

బండి అద్దెకు తీసుకునే చోట, తాళాలు చేతికి రాకముందే, లైటర్ సాకెట్ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అడగండి. సాధారణంగా 10, 15, 20లలో ఒకటి చెబుతారు. 180 వాట్లని రాసి ఉన్న పాత్ర 12 వోల్టుల దగ్గరే 15 ఆంపియర్లు లాగుతుంది, ఇంజను నడిచేటప్పుడు 17 దాటుతుంది. 15 ఫ్యూజు దాన్ని ఎక్కువసేపు భరించదు. కాలిన ఫ్యూజు స్థానంలో అంతకంటే పెద్దది పెట్టకండి, అది వైరును కాపాడ్డానికి పెట్టిన కొలత. అదే కొలత ఫ్యూజులు రెండు కొని గ్లవ్‌బాక్సులో ఉంచుకోండి.