ఇంట్లోకి నవల దూరకుండా ఏం చేయాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తల్లిదండ్రులు కొందరికి ఒక కొత్త బెంగ పట్టుకుంది. ఇంటర్ చదివే పిల్ల బ్యాగు దులిపితే ఫిజిక్స్ మెటీరియల్ మధ్యలోంచి తెలుగు నవల జారిపడుతోంది. పాతదైతే అటక మీదిదేలే అనుకోవచ్చు, అది మొన్న మొన్న అచ్చయింది. అట్ట వెనక ఫోటోలోని రచయితకు మీసం కూడా సరిగ్గా రాలేదు. ఫోను చూస్తూ దొరికితే ఎట్లా తిట్టాలో మనకు తెలుసు. పుస్తకంతో దొరికితే ఏమని తిట్టాలి? పిల్లలకు సాహిత్యం అంటకుండా పెంచి ఒడ్డెక్కించినవాడిని కాబట్టి నాకు తెలిసిన ఉపాయాలు నాలుగు చెబుతాను.

ముందుగా, లాక్కోకండి. లాక్కున్న పుస్తకాన్ని పిల్లలు పక్కింటి నుంచి తెచ్చుకుని మరీ చదువుతారు. "మంచిదే బిడ్డా, చదువు" అని నవ్వుతూ తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు తెల్లకాగితాలు నాలుగు చేతిలో పెట్టండి. అయిపోయాక సారాంశం సొంత మాటల్లో రాయాలి, కవి కాలం, జన్మస్థలం, బిరుదులు రాయాలి, నవల వల్ల తెలుసుకున్న నీతి కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టాలి. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, ఉపవాచకాల మీద ఏళ్ళ తరబడి పరీక్షించి నెగ్గినది. రామాయణం అంతటి కథనే రెండు మార్కుల ప్రశ్నగా మార్చిన మనకు రెండు వందల పేజీల నవల ఒక లెక్కా?

దీనికంటే గట్టి ఉపాయం పదో తరగతి పూర్తికాగానే చేయాల్సింది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం ఇప్పించండి. పిల్లకు సంస్కృతం రావాలని ఎవరూ అడగరు, మనకూ ఆ ఆశ లేదు. నూటికి తొంభై తొమ్మిది వస్తాయి, అది చాలు. తెలుగు తీసుకుంటే వ్యాసాలు, పాత్ర స్వభావాలు, ఉపవాచకం పేరుతో మళ్ళీ ఒక కథ తగులుతుంది. సంస్కృతంతో ఆ గొడవ ఉండదు. రెండేళ్ళలో పిల్ల తెలుగు చదవడం షాపుల బోర్డుల దగ్గర, సినిమా పేర్ల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఎంత గొప్ప నవల ఎదురుగా పెట్టినా "అక్షరాలు చిన్నగున్నయి నాయినా" అంటుంది. కాలేజీకి ర్యాంకు, మనకు నిశ్చింత.

కోదాడ వాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. బస్సెక్కితే విజయవాడ దగ్గర, అక్కడ హాస్టళ్ళకు కొదవ లేదు. పిల్లల్ని దింపేటప్పుడు ట్రంకుపెట్టె అడుగుదాకా వెతకండి. నవల కనిపిస్తే తీసేసి, ఆ చోట నిమ్మకాయ పచ్చడి సీసా పెట్టండి. మిర్యాలగూడ వాళ్ళు కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ రైలుంది. సికింద్రాబాద్ వైపు గానీ గుంటూరు వైపు గానీ కిటికీ పక్క సీటు దొరికితే కుర్రాళ్ళకు పుస్తకం తీయాలనిపిస్తుంది. సూర్యాపేటకు ఇంతవరకూ రైలు రాలేదని చాలామంది బాధపడుతుంటారు, ఈ కోణంలో ఎవరూ ఆలోచించలేదు.

ఇక గ్రంథాలయం. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. పదివేలు పన్ను కట్టే ఇంటి నుంచి ఏటా ఎనిమిది వందలు పోతున్నట్టు. ఆ డబ్బుకు ఇవాళ మూడు కొత్త నవలలు సులువుగా వస్తాయి. రసీదు మీద ఆ వరుస చూడకుండా మడిచి జేబులో పెట్టుకోండి. ఆ పైసలు మున్సిపాలిటీ దగ్గరే ఆగాయా, గ్రంథాలయ సంస్థ దాకా చేరాయా అని అడగకండి. అడిగితే మిమ్మల్నే ఏదో ఒక కమిటీలో వేస్తారు. పిల్లల్ని ఒకసారి గ్రంథాలయానికి తీసుకెళ్ళడంలో తప్పులేదు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు, డీఎస్సీకి చదివేవాళ్ళు పొద్దున్నే కుర్చీలు పట్టుకుని తల ఎత్తకుండా కూర్చుంటారు. వాళ్ళను చూపించి "చదవడమంటే అదీ" అనండి. నవలల బీరువాకు తాళం ఉంటే మంచిదే. లేకపోతే అటు నడవకండి. ఫలానా కొత్త నవల తెప్పించమని పాఠకులే కాగితం రాసివ్వొచ్చు. ఆ సంగతి మాత్రం పిల్లల చెవిన పడకూడదు. ఒకరు రాస్తే పదిమంది రాస్తారు.

పుస్తకాల షాపులతో మనకు పేచీ లేదు. వాళ్ళు మనవాళ్ళే. ఆల్ ఇన్ వన్‌లు, టెస్ట్ పేపర్లు, పంచాంగాలు, లాంగ్ నోట్‌బుక్కులు. నవల ఉందా అని అడిగితే "ఆర్డరిస్తే తెప్పిస్తం సార్" అంటారు. మనం ఆర్డరివ్వం. అందుకే వాళ్ళు తెప్పించరు, తెప్పించరు కాబట్టే మనం అడగం. ఇన్నేళ్ళుగా ఎవరి మాట వాళ్ళు తప్పకుండా నడుస్తున్న వ్యాపారం ఇది, చెడగొట్టకండి.

ఇంత జాగ్రత్త ఎందుకని మీరు అడగొచ్చు. ఈ విషయంలో మన ప్రాంతానికి అంత మంచి పేరు లేదు, అందుకు. సూర్యాపేట నుంచి కోదాడ పోతుంటే హైవే మీద మునగాల వస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్న రోజుల్లో ఆ పరగణా కృష్ణా జిల్లాలో భాగమైన జమీందారీ. దాని రాజా నాయని వెంకట రంగారావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలియడానికి అండగా నిలబడ్డాడు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టాడు. ఆ మండలి చరిత్ర, శాస్త్రం అచ్చేసి ఊరుకోక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చింది. శిస్తు లెక్కలు చూసుకోవాల్సిన దివాను చేసే పనేనా అది? బస్సు మునగాల దాటేటప్పుడు పిల్లకు ఫోనివ్వండి. మామూలుగా వద్దంటాం గానీ ఆ కాసేపు పర్వాలేదు.

మునగాలనైనా క్షమించొచ్చు, రాజులు, దివాన్లు, వాళ్ళకు తీరిక ఉంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామికి ఏం తీరిక? ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టిన పేదపిల్లవాడు. బడి చదువు అంతంత మాత్రం. ఒకరింట్లో వంట చేశాడు, హోటల్లో సర్వరుగా నిలబడ్డాడు. అలాంటివాడు నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలా వద్దా? 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చయిన పుస్తకాలు సంచిలో మోసుకుంటూ గడప గడపకూ తిరిగి అమ్మాడు. కొనేవాడు షాపుకు రాకపోతే పుస్తకమే ఇంటికి వస్తుందని మన తాతల కాలంలోనే చూపించిపోయాడు. జైలుకు కూడా వెళ్ళాడు. 'ప్రజల మనిషి' రాశాడు, తెలంగాణ జీవితం మీద వచ్చిన తొలి నవల అదేనంటారు. 'గంగు' మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 1961లో పోయాడు. ఈయన గురించి పిల్లలకు చెప్పక తప్పదు, జయంతులప్పుడు బడిలో ఎలాగూ చెబుతారు. "కష్టపడి పైకొచ్చాడు" అన్నంతవరకు చెప్పి ఆపేయండి. విగ్రహం పెడతామని ఎవరైనా చందాకు వస్తే ఐదు వందల పదహార్లు రాయండి. నవల కొనిపెట్టమని పిల్ల అడిగితే మాత్రం ఈ నెల కుదరదనండి.

కొత్త నవలల్లో ఏది ఎక్కువ ప్రమాదమో ఇప్పుడు చెప్పాలి.

మన మాటలో రాసింది మొదటిది. వేముల ఎల్లయ్య 2000లో 'కక్క' అని నవల తెచ్చాడు. మాదిగవాడలో మనుషులు మాట్లాడుకునే తెలంగాణ మాటతోనే దాన్ని నడిపాడు. ఇట్లాంటిది చదివిన పిల్ల వంటింట్లోకి వచ్చి "నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది" అంటుంది. అక్కడితో పోతే బాగుండు. నాయనమ్మ పక్కన కూర్చుని ఇంకా ఏమేం మాటలున్నాయని అడుగుతుంది. ముసలామెకు ఎప్పటినుంచో అడిగేవాళ్ళు లేక చెప్పడం మొదలుపెడుతుంది, సీరియల్ టైము దాటిపోతుంది. కాబట్టి యాస కనిపించిన పుస్తకాన్ని "ఇది అర్థం కాదమ్మా, ప్రామాణికం కాదు" అని పక్కన పెట్టించండి. అర్థమయ్యేది కూడా మనం కాదంటే పిల్లలు నమ్ముతారు, కనీసం తొమ్మిదో తరగతి వరకు.

రెండోది గొర్రెల నవల. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', 2019లో తానా పోటీలో బహుమతి తెచ్చుకుంది. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు కరువు కాలంలో గొర్రెల మంద వెంట నల్లమల ఎక్కుతాడు. కడప వైపు కథ, మనకేం అనుకోకండి. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. గజ్జెల లాగు తొడుక్కుని, భేరీ చప్పుళ్ళ మధ్య "ఓ లింగా" అంటూ గట్టెక్కిన పోరడి చేతిలో ఆ పుస్తకం పెట్టి చూడండి. అన్నానికి పిలిచినా లేవడు. బీటెక్ పాసై ఖాళీగా ఉన్నవాడైతే మరీ ప్రమాదం, అందులో తనే ఉన్నానంటాడు. 2021లో సినిమా వచ్చింది కదా, అది చూపించి సరిపెట్టండి. సినిమా సాయంత్రానికి అయిపోతుంది, పుస్తకంలోని అడవి వారం రోజులు ఇంట్లోనే ఉంటుంది.

అవార్డు వచ్చిన నవలలతో అంత భయం లేదు. వాటిని బిట్లుగా మార్చేయొచ్చు. 'సప్తభూమి', బండి నారాయణస్వామి, కేంద్ర సాహిత్య అకాడమీ 2019. 'మనోధర్మపరాగం', మధురాంతకం నరేంద్ర, 2022. 'మాయాలోకం', పి. చంద్రశేఖర్ ఆజాద్, బాల సాహిత్య పురస్కారం 2024. 'మైరావణ', ప్రసాద్ సూరి, యువ పురస్కారం 2025. బస్. మొదటిదాంట్లో మూడు వందల ఏళ్ళ కిందటి అనంతపురం సీమ ఉందనీ, రెండోదాంట్లో దేవదాసీల ఇళ్ళూ కచేరీలూ ఉన్నాయనీ బిట్టులో అడగరు. మూడోది పిల్లల కోసమే రాసిన నవల, నాలుగోది ముప్పై ఐదేళ్ళలోపువాళ్ళకిచ్చే పురస్కారం తెచ్చుకున్నది. అంటే పిల్లలు "మా కోసం ఎవరూ రాయట్లేదు" అన్నప్పుడల్లా అవునని తల ఊపే హాయి మనకు పోతుంది. అందుకే పేరు, సంవత్సరం, అంతవరకే.

పెద్దవాళ్ళు ఎట్లా మెలగాలో కూడా రెండు ముక్కలు. ఊళ్ళో నవల ఆవిష్కరణ సభ ఉంటే తప్పకుండా వెళ్ళండి. వేదిక మీద పదకొండు మంది ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక శాలువా. ఎదురుగా ఉన్నవాళ్ళలో సగం మంది ఇంకా శాలువా వంతు రాని కవులు. సభ అయ్యాక రచయిత "గౌరవనీయులైన సారుకు" అని సంతకం చేసి కాపీ ఇస్తాడు. తీసుకోండి, డబ్బులు ఇవ్వబోతున్నట్టు జేబు మీద చెయ్యి వేయండి, ఆయన వద్దంటాడు. ఇంటికి తెచ్చి షోకేసులో వెండి గిన్నెల పక్కన పెట్టండి. నెల తర్వాత రచయిత బజార్లో ఎదురైతే "చదివిన, భాష బాగుంది" అనండి. భాష లేని నవల ఉండదు కాబట్టి ఈ మాట ఎప్పుడూ తప్పు కాదు. ఒక్కరైనా నూటయాభై పెట్టి కొంటే ఆయన రెండో నవల రాసేస్తాడు. ఆ పాపం మనకొద్దు.

అమ్మలకు ఒక విన్నపం. మీ కాలంలో అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి 'సెక్రటరీ' తెచ్చి, పప్పు మాడిపోతున్నా పేజీ తిప్పిన సంగతి పిల్లల దగ్గర ఎత్తకండి. యండమూరి 'తులసిదళం' వారం వారం వస్తున్నప్పుడు రాత్రి ఒంటరిగా పెరట్లోకి పోవడానికి భయపడిన సంగతి అసలే వద్దు. యండమూరి అంటే 'విజయానికి అయిదు మెట్లు' రాసిన ఆయన అని చెప్పండి చాలు. అది చదివితే పిల్లలు బాగుపడతారని మనకు నమ్మకం, అందుకే అది ప్రతి ఇంట్లో ఉంది. చాలా ఇళ్ళలో రెండో మెట్టు దగ్గర బస్ టికెట్టు పెట్టి ఉంది.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు తీసుకెళ్ళమని గొడవ చేస్తే తీసుకెళ్ళండి. నేరుగా తినుబండారాల స్టాళ్ళ వైపు నడవండి. మిరపకాయ బజ్జీ, తర్వాత ఫోటో, తర్వాత ఇంగ్లీషు పోటీ పరీక్షల స్టాలు. కుర్ర ప్రచురణకర్తలు కొత్త నవలలు పరిచి కూర్చునే వరస వస్తే "చివరి బస్సు పోతది" అనండి. అక్కడ రచయితే స్వయంగా నిలబడి పిల్లల పేరడిగి సంతకం చేస్తుంటాడు. తన పేరున్న పుస్తకాన్ని ఏ పిల్లా తిరిగివ్వదు.

ఇవన్నీ చేసినా లాభం లేక, చదివీ చదివీ మీ అబ్బాయే నవల రాయడం మొదలుపెట్టాడనుకోండి. మిర్యాలగూడ వైపు ఇది జరిగే అవకాశం ఎక్కువ. యాసంగి కోతలప్పుడు మిల్లు గేటు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి, రైతులు రాత్రంతా ట్రాలీల కిందే పడుకునే ఊళ్ళో కుర్రాడికి రాయడానికి వేరే చోటు వెతకనక్కర్లేదు. ముందు అమెరికాలో జరిగే ప్రేమకథ రాయమని నచ్చజెప్పండి. వినకపోతే ఊరి పేరు తీసేసి "ఒకానొక పట్టణం" అని పెట్టమనండి. అదీ వినక కాంటా, తేమ, తరుగు, హమాలీల కూలి అన్నీ పూసగుచ్చినట్టు రాసుకొచ్చి అర్ధరాత్రి మిమ్మల్ని లేపి వినమంటే, వినండి, ఇక చేసేదేమీ లేదు. మిల్లు ఓనరు పేరు మాత్రం మార్పించండి. పోయిన పంట డబ్బులు ఆయన దగ్గర మనకింకా రావాలి.