పిల్లలు గట్టెక్కాలంటే: కొత్త మెంటర్లకు చిట్కాలు

ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ చేతికి మొదటి వారంలోనే మూడు అందుతాయి: టైంటేబుల్, ల్యాబ్ తాళాలు, ఇరవై మంది మెంటీల జాబితా. మూడోది చూసి చాలామంది బెంబేలెత్తిపోతారు. ఈ ఇరవై మందినీ కనిపెట్టుకుని ఉండాలి, వెనకబడేవాణ్ణి ముందే గుర్తుపట్టి పిలవాలి, సలహా చెప్పాలి, నాలుగేళ్లలో పట్టా చేతికిచ్చి పంపాలి అని ఏఐసీటీఈ నుంచి హెచ్‌ఓడీ దాకా అందరూ చెబుతారు. ఉత్తీర్ణత పెరగాలన్నది నా ఆరాటం కూడా. అయితే అందుకోసం పిల్లల వెంట పరుగెత్తక్కర్లేదు. ఉత్తీర్ణత శాతం పుట్టేది ఫైల్లో, పెరిగేదీ ఫైల్లోనే. ఆ ఫైలు సంగతి ముందుగా చూసుకోవడమే ముందస్తు మార్గదర్శనం.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ గొప్పతనం మీకు ఏదో ఒక ఎఫ్‌డీపీలో చెప్పే ఉంటారు. 2012 నుంచి అక్కడ ఒక్కో విద్యార్థి విషయంలో 800కు పైగా ప్రమాద సూచనలను కంప్యూటరు రోజూ జల్లెడ పడుతుంది. తనకు పనికిరాని కోర్సులో పేరు నమోదు చేసుకున్నా, ముఖ్యమైన సబ్జెక్టు మొదటి పేపర్లో తక్కువ గ్రేడు వచ్చినా, సలహాదారు తానే కబురు పెట్టి పిలుస్తాడు. ఇందుకోసం కొత్తగా డజన్ల మంది సలహాదారులను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. 2003లో 32 శాతం ఉన్న గ్రాడ్యుయేషన్ రేటును 54 శాతం దాకా తీసుకెళ్లారు. ఎంత చాకిరీ! కింద చెప్పిన పద్ధతిలో తొంభైకి తక్కువ రాదు, సాయంత్రం కాలేజీ బస్సూ తప్పిపోదు.

1. సంతకాలన్నీ ఇండక్షన్‌లోనే పెట్టించండి.

మొదటి మూడు వారాల ఇండక్షన్‌లో పిల్లలు ఏం చెప్పినా చేస్తారు. మెంటర్ బుక్ తెరిచి ఎనిమిది సెమిస్టర్లకూ, ఒక్కో సెమిస్టర్‌కు మూడు సమావేశాల చొప్పున, ఒకే విడతలో సంతకాలు పెట్టించండి. నాలుగు రకాల పెన్నులు దగ్గర పెట్టుకోండి: నీలం బాల్ పెన్, నల్ల బాల్ పెన్, జెల్ పెన్, సగం ఇంకైపోయిన రీఫిల్. పేజీ మారినప్పుడల్లా పెన్ను మార్పించండి. మూడో సంవత్సరం పేజీలకు వచ్చేసరికి సంతకం కాస్త గిలికినట్టు పెట్టమనండి, అప్పటికి చేయి తిరిగినట్టు ఉంటుంది. తేదీల గడులు మాత్రం ఖాళీగా వదలండి. తేదీలు కాలేజీని పరిశీలించే పీర్ టీమ్ వచ్చే ముందు రాత్రి వేసుకోవచ్చు, కాకపోతే క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు రాకుండా చూసుకుంటే చాలు.

రెండో ఏడాదిలోనే చదువు మానేసిన పిల్లవాడి సంతకం నాలుగో ఏడాది పేజీలో కనిపిస్తే కంగారుపడకండి. పక్కన “కాలేజీ మానిన తర్వాత కూడా విద్యార్థితో సంప్రదింపులు కొనసాగించడమైనది” అని రాయండి. కమిటీ వాళ్లకు అది బాగా నచ్చుతుంది.

2. సలహా మూడు వాక్యాల్లో ఉండాలి.

“చదువుపై మరింత శ్రద్ధ పెట్టవలసిందిగా సూచించడమైనది.” “విద్యార్థి అంగీకరించాడు.” “మెరుగుదల గమనించడమైనది.” ఈ మూడింటినీ వరుస మార్చి మార్చి రాయండి, నాలుగేళ్లూ సరిపోతాయి. సబ్జెక్టు పేరు రాయకండి. సమస్య అసలే రాయకండి. “ఇంటి దగ్గర నాన్నకు ఒంట్లో బాగోలేదు, పార్ట్‌టైమ్‌గా డెలివరీ పనికి వెళ్తున్నాడు” అని రాశారనుకోండి, మరి మీరేం చేశారు అని ఎవరో ఒకరు అడుగుతారు. సమస్య రాసినవాడి మెడకే చుట్టుకుంటుంది.

3. ఎం-వన్ పోయినవాణ్ణి పిలవకండి.

జార్జియా స్టేట్ వాళ్లు మొదట్లోనే ఒక సంగతి పట్టుకున్నారు. పొలిటికల్ సైన్స్ మొదటి కోర్సులో సి గ్రేడు తెచ్చుకున్నవాళ్లలో ఆ సబ్జెక్టుతో పట్టాదాకా వెళ్లేది నాలుగో వంతు మందేనట. అది తెలిశాక, సి వచ్చిన ప్రతివాణ్ణీ పిలవడం మొదలుపెట్టారు. మనకూ ఇలాంటి సంగతి తెలుసు. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ (ఎం-వన్) పోయినవాడికి రెండో సెమిస్టర్ మ్యాథ్స్ మింగుడుపడదు. ఈసీఈ వాడైతే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో తేలిపోతాడు. తెలిసిన సంగతి తెలిసినట్టే ఉండనివ్వండి. పిలిస్తే ట్యుటోరియల్ పెట్టమంటాడు, మాడ్యూల్ మొదట్నుంచి చెప్పమంటాడు, మధ్యాహ్నం భోజనం వేళ స్టాఫ్ రూమ్ గుమ్మంలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడతాడు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ దగ్గర ఆగిపోయి, చిన్న తరగతుల భిన్నాల దగ్గరికి తీసుకెళ్తాడు.

వాడే ఎదురుపడితే భుజం తట్టి ఇలా చెప్పండి: “సప్లీలు ఎవరికి లేవురా! ఫైనల్ ఇయర్‌లో అన్నీ ఒకేసారి కొట్టేద్దువుగాని.” ఈ మాటకు పిల్లల మొహాలు వెలిగిపోతాయి. రెండో ఏడాదికి ఎక్కాలంటే మొదటి ఏడాది 40 క్రెడిట్లలో సగం రావాలని జేఎన్‌టీయూహెచ్ ఆర్22 నిబంధనల్లో ఉంది. మీ మెంటీకి 18 వచ్చాయని తెలిసినా చెప్పకండి. నోటీసు బోర్డు ఉన్నది అందుకే. మొత్తం 160 క్రెడిట్లు తెచ్చుకోవడానికి యూనివర్సిటీ ఎనిమిదేళ్ల గడువు ఇస్తుండగా, నాలుగేళ్లకే తొందరపెట్టే హక్కు మెంటర్‌కు ఎక్కడిది?

4. హాజరు గురించి ఆఖరి రోజున మాట్లాడండి.

75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కట్టాలి, 65 దిగితే డిటెయిన్. ఇది అందరికీ తెలిసిందే. 78 ఉన్నప్పుడే పిలిచి హెచ్చరించడం పిల్లల స్వేచ్ఛకు అడ్డుపడటం. 71కి వచ్చినప్పుడు కూడా ఓపిక పట్టండి. కండోనేషన్ జాబితా గోడమీద అంటించిన రోజు పొద్దున్నే అందర్నీ పిలిచి గట్టిగా కేకలేయండి. కారిడార్‌లో వేయండి, గదిలో వేస్తే హెచ్‌ఓడీకి వినిపించదు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం కాలజ్ఞానం కావాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో డెంగీ, జనవరిలో వైరల్ జ్వరం, ఏప్రిల్‌లో వడదెబ్బ. టైఫాయిడ్ ఎప్పుడైనా చెల్లుతుంది కానీ సెక్షన్‌కు ముగ్గురికి మించి వద్దు. అందరూ ఒకే క్లినిక్ లెటర్‌హెడ్ తీసుకురాకుండా ముందే పంచిపెట్టండి. 65 దిగిపోయినవాడి గురించి బాధపడకండి. వాడు వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుంటాడు. అంటే మీ జాబితాలోంచి పోయి ఇంకో మెంటర్ జాబితాలో చేరతాడు.

5. హారం తగ్గించండి.

ఈ చిట్కా ఒక్కటి వంటబట్టినా చాలు. శాతం అంటే భిన్నం. పైన లవం, కింద హారం. లవాన్ని పెంచాలంటే చదువు చెప్పాలి, వినాలి, రాయాలి, దిద్దాలి. హారాన్ని తగ్గించడానికి ఒక్క మాట చాలు. పాస్ పర్సంటేజీ లెక్కగట్టేది పరీక్షకు హాజరైనవాళ్ల మీద. సెక్షన్‌లో 60 మంది, 38 మంది పాసయ్యేలా ఉన్నారు, అంటే 63 శాతం. తప్పేలా ఉన్నవాళ్లలో 18 మంది పరీక్ష హాల్లోకే రాలేదనుకోండి. 42కి 38, తొంభై దాటింది. ఎవరికీ ఒక్క లెక్క కూడా చెప్పలేదు.

కాబట్టి బలహీనులను ముందుగా గుర్తించమని పెద్దలు చెప్పిన మాట అక్షరాలా పాటించండి. మొదటి మిడ్ మార్కులు రాగానే పేర్లు రాసుకోండి. ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లకు గుండ్రంగా సున్నా చుట్టండి. వాళ్ల పని తేలిక, అకౌంట్స్ సెక్షన్‌లో ఒక్క మాట వేస్తే హాల్ టికెట్ అక్కడే ఆగిపోతుంది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదంటే, వచ్చేదాకా మీరే కట్టి తర్వాత తీసుకోండి అని ఇంటికి చెప్పించండి. బాకీ లేనివాళ్లను ప్రేమగా పిలవండి: “ఇంత టెన్షన్ మీద రాసి ఫెయిలవడం ఎందుకు నాన్నా, బాగా ప్రిపేరై సప్లీలో రాసుకో.” మొండికేస్తే, రెండేళ్లకే డిప్లొమా చేతికిచ్చి పంపే ఎగ్జిట్ ఆప్షన్ ఆర్22లో ఉందని గుర్తుచేయండి. ఆ కాగితం చదివి వినిపించేటప్పుడు “మళ్లీ వెనక్కి వచ్చి చేరవచ్చు” అన్న భాగం దగ్గర ఫోన్ వచ్చినట్టు లేవండి.

జార్జియా స్టేట్ వాళ్లు ఇక్కడే ఘోరంగా పొరబడ్డారు. 2011 నుంచి, చిన్నపాటి ఫీజు బాకీ వల్ల పేరు కొట్టేయాల్సిన పిల్లలకు ఎదురు డబ్బిచ్చి క్లాసులో కూర్చోబెట్టారు. హారాన్ని చేతులారా పెంచుకున్నారన్నమాట.

ఒక జాగ్రత్త. అక్రిడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ లెక్క వేరు. అక్కడ మొదట చేరినవాళ్లందరి మీదా చూస్తారు. హారంతో అక్కడ పని జరగదు. ఆ ఫైలు వచ్చిందని తెలియగానే మీ తర్వాత చేరిన మేడమ్‌కు అప్పగించి, నేర్చుకునే అవకాశం ఇచ్చానని చెప్పండి.

6. వాట్సాప్ గ్రూప్ పెట్టండి. అడ్మిన్ మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ మార్చండి. రోజూ గుడ్ మార్నింగ్, వారానికో సర్క్యులర్. స్క్రీన్‌షాట్లు ఫైల్లో పెట్టండి.

7. తల్లిదండ్రులకు శుభవార్తలే చెప్పండి.

ఫోన్ చేసి నిజం చెబితే మర్నాడే బస్సెక్కి వచ్చేస్తారు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి “సార్, మా పోరడు మంచిగ సదువుతుండా?” అని అడిగాడనుకోండి. “మంచిగ సదువుతుండు, మీరేం రంది పెట్టుకోకండి” అనండి. ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేస్తాడు, పత్తి ఏరే పని చూసుకుంటాడు. రిజిస్టర్‌లో “పేరెంట్ కౌన్సెలింగ్” అని వేసుకోండి.

మీరే ఫోన్ చేయాల్సి వస్తే, విద్యార్థి రాసిచ్చిన నంబర్‌కే చేయండి. ఎత్తిన నాన్నగారి గొంతు ఇరవై ఏళ్ల కుర్రాడిలా ఉన్నా, వెనకాల ఎవరో “మామా, బిర్యానీ వచ్చింది” అని అరిచినా పట్టించుకోకండి. కాల్ లాగ్‌లో వ్యవధి నమోదైతే చాలు. రెండు నిమిషాలు దాటేలా వాతావరణం గురించి అడగండి.

8. శనివారం ఆఖరి పీరియడ్ మెంటరింగ్ అవర్ అయితే అదృష్టమే. పిల్లల్ని పంపించేయండి. ఫీడ్‌బ్యాక్ ఫారంలో అయిదుకు అయిదు వేస్తారు, ఏ సిలబస్ పూర్తి చేసినా రాని మార్కులవి. టైంటేబుల్‌లో వేరే పూట ఇచ్చారంటే, సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ శిక్షణ) క్లాసుకు ఇచ్చేశానని చెప్పండి. ప్లేస్‌మెంట్ పేరెత్తితే మేనేజ్‌మెంట్ ఎదురు చెప్పదు.

9. సాకులు నాలుగేళ్లకు సరిపడా పోగుచేసుకోండి.

రిజల్ట్ పడినప్పుడు రివ్యూ మీటింగ్ ఉంటుంది. అక్కడ తడుముకోకూడదు. మొదటి ఏడాది అయితే “ఇంటర్‌లో బట్టీ చదువులు సార్, బేసిక్స్ లేవు” అనండి. రెండో ఏడాది ఈసెట్ మీద నెట్టండి: డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలోకి వచ్చినవాళ్లకు మ్యాథ్స్ బలహీనమని. మూడో ఏడాది సెల్‌ఫోను, ప్రేమలు. నాలుగో ఏడాది “అందరూ ప్రాజెక్టు మీద, ఇంటర్వ్యూల మీద ఉన్నారు సార్.” ఏ ఏడాదైనా పేపర్ కఠినంగా వచ్చిందన్న మాట చెల్లుతుంది, కానీ పక్క కాలేజీ రిజల్ట్ ముందుగా కనుక్కోండి. వాళ్లకు బాగా వస్తే ఆ సాకు వాడకండి, వాల్యుయేషన్ తేడా అనండి. ఎప్పుడూ మీ మెంటీ పేరు పెట్టి మాట్లాడకండి. “ఈ బ్యాచ్” అనండి.

10. ఓడీ తీసుకోవడానికి వచ్చినవాణ్ణి వదలకండి.

ఆరేళ్లకో ఏడేళ్లకో, అన్ని సప్లీలూ తనంతట తాను దాటేసి, మీ మెంటీ ఒకడు ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) కోసం ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ దగ్గరికి వస్తాడు. నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ సంతకం కోసం తిరుగుతుంటాడు. గుర్తుపట్టకపోయినా గుర్తుపట్టినట్టు పలకరించండి. పట్టా ఇద్దరి చేతుల్లో ఉండేలా పట్టుకుని ఫోటో తీయించుకోండి, వెనకాల కాలేజీ పేరు పడాలి. “స్లో లెర్నర్ల విజయగాథలు” ఫైల్లో మొదటి పేజీకి అది పనికొస్తుంది. పట్టా మీది సంవత్సరం మాత్రం మీ బొటనవేలి కింద ఉండాలి. తర్వాత పేరు కనుక్కుని మెంటర్ బుక్ తీసి, వాడి పేజీల్లో మిగిలిన తేదీలు వేసేయండి.