తగ్గడం తెలిసిన దీపాన్ని

నేను విశాఖపట్నంలో ఒక కాలనీ వీధిలో, స్తంభం మీద వెలిగే 70 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి స్తంభాలను నేలకూల్చాక, పాత సోడియం దీపాల చోటికి మేం వచ్చాం. మరుసటి ఏడాది జనవరి 5న జాతీయ వీధిదీపాల కార్యక్రమం మొదలై, దేశంలో కోటికి పైగా దీపాలు మారాయి. ఈ మార్పును అందరూ వాట్లలోనే చెబుతారు: 150 ఉన్నచోట 70 అని. అది నిజమే, కానీ అసలు తేడా వేరే ఉంది. సోడియం దీపం పూర్తిగా వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టేది; ఒకసారి ఆరితే చల్లబడేదాకా మళ్లీ వెలిగేది కాదు. అందుకే సాయంత్రం వెలిగించి తెల్లవార్లూ అలాగే వదిలేసేవారు. నా సంగతి అలా కాదు. నాలోని డ్రైవర్ అనే పరికరం కరెంటు తగ్గిస్తే వెంటనే తగ్గుతాను, పెంచితే రెప్పపాటులో పెరుగుతాను. ఈ గుణాన్ని వాడుకోకుండా నన్ను రాత్రంతా ఒకే తీరున వెలిగిస్తే, నన్ను తెచ్చిన పని సగంలో ఆగినట్టే.

లెక్క చూడండి. 12 గంటలూ నిండుగా వెలిగితే నాకు 840 వాట్-అవర్లు కావాలి. రాత్రి 11 నుంచి 4:30 దాకా 40 శాతానికి తగ్గితే 609 చాలు, అంటే నాలుగో వంతుకు పైనే మిగులు. డ్రైవర్ తన కోసం వాడుకునే కరెంటు అంతే నిష్పత్తిలో తగ్గదు కనుక నిజమైన మిగులు కాస్త తక్కువ ఉంటుంది. దీనికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. నాలో గడియారం లేదు. గత కొన్ని రాత్రులు ఎంతసేపు వెలిగానో సగటు కట్టి, దాని నడిమిని అర్ధరాత్రిగా పెట్టుకుంటాను. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ లెక్కేసుకుని తగ్గుతాను, పెరుగుతాను. తగ్గినప్పుడు చిప్‌ల వేడి తగ్గి నా ఆయుష్షూ పెరుగుతుంది. తీరం పక్కనున్న దీపాలకైతే మరో కారణం కూడా ఉంది. ఇసుకలో గుడ్లు పగిలి బయటికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు, మా వెలుతురు చూసి సముద్రమనుకుని రోడ్డు వైపు పాకుతాయి.

వెలుతురు తగ్గిస్తే దొంగలకూ ప్రమాదాలకూ దారి ఇచ్చినట్టే కదా అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయను. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికి నడిచే అమ్మాయికి ఆ భయం ఊహ కాదు. అయితే తగ్గడం వేరు, ఆరిపోవడం వేరు. కాంతి సగమైనంత మాత్రాన కంటికి అది సగం చీకటిగా కనిపించదు. కంటిని ఇబ్బంది పెట్టేది వెలుగు వెంటనే చీకటి, చీకటి వెంటనే వెలుగు రావడం. బిల్లు కోసం దీపం విడిచి దీపం ఆర్పే పాత పద్ధతిలో జరిగేది అదే. అన్నీ సమానంగా తగ్గితే ఆ చీకటి గుంటలు ఏర్పడవు. ఇంగ్లండ్, వేల్స్‌లలోని 62 స్థానిక సంస్థల వివరాలతో 2015లో వెలువడిన అధ్యయనంలో, దీపాలు తగ్గించడం వల్ల నేరాలో రోడ్డు ప్రమాదాలో పెరిగాయనే ఆధారం దొరకలేదు. కానీ ఆ వీధులు వేరు. మన దగ్గర రోడ్డు మధ్యలో ఆవులు పడుకుంటాయి, మూత లేని మ్యాన్‌హోళ్లు ఉంటాయి. కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. మనిషి రాగానే పెరగడం కూడా నాకు నేర్పాలి.

కష్టమంతా అక్కడే ఉంది. నా కింద పాలరంగు బుడగలాంటి సెన్సర్ ఒకటి ఉంది. చుట్టుపక్కల వేడికీ ఒంటి వేడికీ ఉన్న తేడాను బట్టి అది మనిషిని గుర్తిస్తుంది. మే నెల రాత్రుల్లో గాలి కూడా ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది, ఆ చూపు మందగిస్తుంది. దాని బదులు మైక్రోవేవ్ సెన్సర్ పెడితే వేడితో పని ఉండదు, కానీ సముద్రపు గాలికి ఊగే కొమ్మను కూడా మనిషనుకుంటుంది. వాహనాలతో ఇంకో చిక్కు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న పక్క స్తంభాన్ని రెండు సెకన్లలో దాటేస్తుంది. నా కిందికి వచ్చాక నేను పెరిగి ఏం లాభం? అందుకే నేను చూసింది ముందున్న మూడు నాలుగు దీపాలకు వెంటనే చెప్పాలి. పెరగడం సెకనులో అయిపోవాలి, తగ్గడం మాత్రం ఎవరూ గమనించనంత మెల్లగా జరగాలి. ఇవన్నీ ప్రతి స్తంభానికీ పెట్టాలంటే ఖర్చు కదా అంటే, అవును. రాత్రంతా బళ్లు తిరిగే కూడలిలో ఇది దండగ. అక్కడ నిండుగా వెలగడమే సరి. ఇలాంటి కాలనీ వీధుల్లోనే పెట్టిన డబ్బుకు ఫలితం.

సెన్సర్ చెడిపోయినా, నియంత్రణ తీగ తెగినా నేను నిండుగా వెలిగేలా కట్టాలి. అప్పుడు పొరపాటు బిల్లులోకి పోతుందే తప్ప నడిచేవాళ్ల మీద పడదు. 4:30 అన్న గంట కూడా అలా ఎంచుకున్నదే. ఆ వేళకు చీపుర్లతో పారిశుద్ధ్య కార్మికులు వీధిలోకి వస్తారు. కాలువ అంచున ఒకేచోట వంగి చెత్త తీస్తున్న మనిషి సెన్సర్‌కు కదలనట్టే కనిపిస్తుంది. అందుకని ఆ గంట కొట్టాక సెన్సర్ మాట వినను. వాళ్లు ఊడ్చి పక్క వీధికి వెళ్లేదాకా, పొద్దు పొడిచేదాకా 70 వాట్లూ వాళ్లవే.