ఇంకా దారి మొనగాడు

తెలుగులో ‘ఇంకా’ అనే మాటకు అంతు లేదు. సంగటి ముద్ద ముందు కూర్చున్నవాడికి అది కోరిక, బస్సు కోసం నిలబడ్డవాడికి విసుగు, మబ్బు కోసం తలెత్తిన చెనిక్కాయ రైతుకు దిగులు. ఒక్క మనిషికి మాత్రం అది రాజవంశం పేరు. పెరూ దేశంలో ఇంకా చక్రవర్తులు రాళ్లు పరిచిన బాటమీద నాలుగు రోజులు, నలభై కిలోమీటర్ల పైచిలుకు నడిచి మచ్చు పిచ్చు చూసొచ్చిన అనంతపురం మొనగాడు అతను. పుట్టింది కరువు సీమలో, ఉద్యోగం బెంగళూరులో, ప్రాణం మాత్రం 4,215 మీటర్ల ఎత్తున ‘చనిపోయిన స్త్రీ కనుమ’ దగ్గర ఆగిపోయింది. పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించే కుర్రాడికి కూడా ఆ ఎత్తు చెబుతాడు. కుర్రాడు గరిటె పట్టుకుని “ఇంకా?” అంటే, అడిగాడు కదా అని రెండో రోజు నడక మొదలుపెడతాడు.

ఇతణ్ని డంబాచారి అనడం తేలిక, కానీ తప్పు. డంబాచారికి చూసేవాళ్లుంటే చాలు; ఇతనికి నిజంగానే భక్తి ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లావాడు రెండు రెయిన్‌కోట్లు కొన్నాడంటే అది భక్తి కాక ఏమిటి? అవ్వ తమలపాకుకు సున్నం రాసుకుంటుంటే పళ్లు పాడవుతాయని కసిరినవాడే, అక్కడ ఊపిరాడక కోకా ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఆకుకు వేల ఏళ్ల చరిత్ర ఉందని గైడు చెప్పగానే కళ్లు మూసుకుని నమిలాడు. ఆ ఆకుకు తోడుగా నమిలే బూడిద ముద్ద అవ్వ సున్నానికి అక్కడి చుట్టమేనని తట్టలేదు. దారి బత్తెంగా చెనిక్కాయ చిక్కీలు కట్టుకెళ్లాడు. చెనిక్కాయ అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెరూలోని సిపాన్‌లో 1987లో బయటపడిన పాతకాలపు ప్రభువు సమాధిలో బంగారు, వెండి చెనిక్కాయల హారమే దొరికింది. పుట్టింటి సరుకును పుట్టింటికే, విమానం ఖర్చు పెట్టుకుని మోసుకెళ్లిన వియ్యంకుడు ఇతను. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే: ఊరికే దొరికే నడకకు ఇతని లెక్కలో విలువ లేదు. టికెట్టు పెట్టి, పక్కన ఒకరు నడుస్తూ చెబితేనే రాయి నోరు విప్పుతుంది.

ఆండీస్ ఎక్కడ, మన బోడి గుట్టలెక్కడ అని అతని తరఫున ఎవరైనా అడగొచ్చు. ఎత్తులో ఆండీస్‌దే గెలుపు, ఒప్పుకోవాల్సిందే. కానీ అతను గొప్పగా చెప్పేది ఎత్తు ఒక్కటే కాదు, ప్రాచీనత కూడా. ఆ లెక్క తీస్తే ఇంకాలు మనకు సమకాలికులు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడి విజయనగర రాజులు రాజధానిని మన పెనుకొండకు మార్చుకున్నారు. ఏడేళ్లకు, 1572లో, ఇంకాల చివరి మజిలీ విల్కబాంబా స్పెయిన్‌వాళ్ల చేతికి పోయింది. గుత్తి కోట కొండ ఎక్కితే అంచున, గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం ఉంది. అంతటి కోటను 1776లో హైదరాలీకి అప్పగించేలా చేసింది ఫిరంగుల కన్నా ఎక్కువగా నీళ్ల కరువు. అనంతపురం చరిత్రను ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. ఇంకా సామ్రాజ్యం పుట్టడానికి పదహారు వందల ఏళ్లకు పైగా ముందువి అవి.

గుత్తిలో నీడ ఉందా, తాగడానికి నీళ్లున్నాయా, చెప్పే మనిషున్నాడా అన్నది అసలు అభ్యంతరం. ఇక్కడ మొనగాడి వాదనకు బలముంది. ఇంకా బాటమీదికి రోజుకు గైడ్లు, మోతగాళ్లతో కలిపి 500 మందినే వదులుతారు. ఫిబ్రవరి నెలంతా దారి మూసి మరమ్మతు చేస్తారు. గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. మగ మోతగాడి వీపుమీద 20 కిలోలకు మించి ఎత్తకూడదని చట్టముంది. మెట్లు ఇంకాలవైతే, వాటిని నిలబెట్టింది ఈ కట్టుబాట్లు. మనవాడు డబ్బు కట్టింది ఈ శ్రద్ధకు, అందులో నవ్వడానికేమీ లేదు. అయితే ఈ శ్రద్ధ మనకు తెలియనిదని మాత్రం అనకూడదు. బాటల వెంట మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా బావులు తవ్వించాననీ, చెట్లు నాటించాననీ అశోకుడు చెప్పుకున్నది ఆ ఎర్రగుడి బండలమీదే. రెండువేల రెండువందల ఏళ్లుగా ఆ మాట ఎండలో నిలబడే ఉంది. చదివి వినిపించే మనిషి లేకపోవడం బండ తప్పు కాదు, మొత్తంగా మొనగాడి తప్పూ కాదు. కాకపోతే పప్పు వడ్డించేవాడికి కూడా విడవకుండా చెప్పగల నోరు ఈ జిల్లాలో అతనికే ఉంది. ఆ గైడు పనికి అతనికి మించిన అర్హుడు దొరకడు.

ఆ కొలువులో చేరడానికి అతనికి అవకాశాలు రాకపోలేదు. పండక్కి హైదరాబాదులోని అత్తారింటికి 44వ నంబరు జాతీయ రహదారి మీద కారు పోతుంటుంది. గుత్తి దగ్గర వెనక సీట్లోంచి పిల్ల “నాన్నా, ఆ కొండమీద గోడేంది?” అంటుంది. “ఏదో కోటలేమ్మా,” అంటాడు. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి “ఇంకా?” అంటుంది. పెళ్లి పంక్తిలో ఆ మాటకు అరగంట ఆగనివాడు ఇక్కడ టోల్‌గేటు వచ్చేదాకా నోరు విప్పడు.