తిరుప్పూరు గుడ్డ, పీళమేడు జుట్టు

నన్ను కుట్టింది కోయంబత్తూరు పీళమేడులో ఒక అవ్వ, తన కాలి మిషను మీద. గుడ్డ మాత్రం తిరుప్పూరుది. అక్కడ బనియన్లు కత్తిరించగా మిగిలిన ముక్కల్ని మూటకట్టి తూకానికి అమ్ముతారు. అలాంటి మూటలోంచి అవ్వ ఒక ముదురు నీలం ముక్క ఏరింది. మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. గొట్టంలా కుట్టి, తిరగేసి, జానెడు ఎలాస్టిక్‌ను పిన్నీసుకు గుచ్చి లోపలికి దూర్చింది. కొసలు ముడేసి నోరు మూసేసరికి మూరెడు గుడ్డా జానెడు ఎలాస్టిక్ మీద ముడుచుకుని కుచ్చులు కుచ్చులుగా నిలబడింది. నా పనితనమంతా ఆ కుచ్చుల్లోనే ఉంది. ఈ రకం జుట్టు బ్యాండుకు 1987లో అమెరికాలో పేటెంటు పొందింది రామీ రెవ్సన్ అనే గాయని. గట్టి బ్యాండ్ల దెబ్బకు జుట్టు పాడవుతుంటే చూడలేక ఆమె ఎలాస్టిక్‌కు గుడ్డ తొడిగింది.

నా కొలువు అవ్వ మనవరాలి తల మీద. ఇరవై ఏళ్ళు నిండినా ఇంట్లో ఆమె ఇంకా పాపే. సింగనల్లూరు వైపు ఒక నూలుమిల్లులో పని నేర్చుకుంటోంది. తెల్లారి పోనీటైల్‌కి నన్ను చుట్టుకుని గడప దాటితే, దీపాలు పెట్టే వేళ దాకా జారకూడదు.

జారకుండా ఉండడమంటే బిగించడమే అనుకుంటారు చాలామంది. అక్కడే నాకు బాధ. ఉత్త రబ్బరు బ్యాండు వెంట్రుకను కరుచుకుంటుంది, తీసేటప్పుడు నాలుగు పోగులు తెంపుకుని గానీ రాదు. పట్టు నిలిచేది ఒరిపిడి వల్ల. నా కుచ్చులు వెడల్పుగా పరుచుకుని బరువును ఒక్కచోటే పడనీయవు. పాప మరో జాగ్రత్త కూడా తీసుకుంటుంది. పైసగం జుట్టును ముందు సన్నని నల్లబ్యాండుతో కడుతుంది. తర్వాత కిందిసగాన్ని దానితో కలిపి నన్ను మూడు చుట్లు తిప్పుతుంది. నా కింద, మెడ వైపు నుంచి రెండు పిన్నులు ఒకదానికొకటి అడ్డంగా పైకి గుచ్చుతుంది. తలంటుకున్న నాడు జుట్టు జారుడుగా ఉంటుంది కాబట్టి ఆ పిన్నులు నాలుగవుతాయి. తడి జుట్టును మాత్రం కట్టనివ్వదు అవ్వ. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినది తొందరగా తెగుతుంది.

"బిగువుగా ఉండాదా పాపా? నుదురు లాగుతా ఉంటే విప్పి మళ్ళీ కట్టు, అట్నే పోవద్దు" అంటుంది.

అవ్వ మాట వెనక వైద్యం కూడా ఉంది. ఏళ్ళ తరబడి బిగించి కట్టడం వల్ల నుదుటి అంచున జుట్టు ఊడిపోవడాన్ని 1907లోనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో గుర్తించి రాశారు. వాళ్ళదీ పోనీటైలే. మధ్యాహ్నం కాస్త వదులయిందనగానే అమ్మాయిలు తోకను రెండు పాయలుగా పట్టి అటూ ఇటూ లాగుతారు చూడండి, అప్పుడు నేను మాడుకేసి జరిగి బిగుసుకుంటాను. ఆ లాగుడంతా కుదుళ్ళ మీదే పడుతుంది. దానికంటే అర నిమిషం ఆగి, విప్పి, వేళ్ళతో దువ్వి మళ్ళీ కట్టుకోవడం ఎంతో నయం. ఈ ఒక్క మాట హాస్టళ్ళలో ఉండే మిల్లు పిల్లలందరి చెవినీ వేయాలని ఉంటుంది నాకు.

మిల్లులో నా పని అలంకారం కాదు. రింగ్‌ఫ్రేము మీద కదుళ్ళు నిమిషానికి పదిహేను వేల చుట్లకు పైగా తిరుగుతాయి. తెగిన పోగు అతకడానికి పాప వంగినప్పుడు తోక భుజం మీంచి ముందుకు పడిందంటే ఏమవుతుందో తలుచుకోవడానికే భయం. అందుకే గేటు దాటగానే తోకను మడిచి నా కిందకి దోపి, పైన టోపీ పెట్టుకుంటుంది. షిఫ్టు అయ్యేసరికి నా మడతల నిండా దూది నూగే.

ఈ ఊరికి మిల్లులు కొత్తవి కావు. స్టేన్స్ మిల్లు 1888లో వచ్చింది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లులు వరసగా లేచాయి. ఊళ్ళోని తెలుగిళ్ళ నుంచి యజమానులూ వెళ్ళారు, కూలీలూ వెళ్ళారు. అవ్వ కూడా వయసులో రీలింగు ఖాతాలో చిలపలు చుట్టింది. అప్పుడామెకు బ్యాండూ లేదు, పిన్నూ లేదు. జుట్టును మెలితిప్పి, దాని చుట్టూ దాన్నే చుట్టి, కొసను లోపలికి దోపేది. కొబ్బరినూనె పట్టించిన జుట్టు ఒకదానికొకటి అంటుకుని పొద్దుగూకినా కదిలేది కాదట. ఆ కొప్పుకు బలమిచ్చిన నూనే నాకు జబ్బు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, సాగింది మళ్ళీ దగ్గరికి రాదు. వారానికోసారి సబ్బునీళ్ళలో ముంచి నీడలో ఆరేస్తే కొంత తేరుకుంటాను.

గాలి సంగతి వేరు. ఆడి నెలలో పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే గాలికి పల్లడం, ఉడుమలపేట వైపు గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి. ఆ దారిలో స్కూటీ మీద వెళ్తే తోక ముఖానికి కొడుతుంది, చిక్కుపడుతుంది. అప్పుడు తోక మధ్యలో, కొస దగ్గర మరో రెండు చిన్న బ్యాండ్లు వేస్తుంది పాప. చిక్కులు సగానికి సగం తగ్గుతాయి.

నా పట్టుకు అసలైన పరీక్ష మొన్నటి చిత్తిరై తిరునాళ్ళలో ఎదురైంది. బస్సులో ధారాపురం, ఒడ్డన్‌చత్రం, దిండిగల్ మీదుగా మదురై వెళ్ళాం, అవ్వ పుట్టింటికి. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని చిత్తిరైకి మార్చి అళగరు స్వామి ఉత్సవంతో కలిపింది తిరుమల నాయకుడని అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 1623 నుంచి 1659 దాకా ఏలాడాయన. ఈ పండగలో నాకు నచ్చేదేమిటంటే, అంతా జుట్టు చుట్టూ తిరుగుతుంది. కళ్ళళగరని కూడా పిలిచే ఆ స్వామి కొప్పు పెట్టుకుని కళ్ళర్ కులస్థుడి వేషంలో మదురై వస్తాడు. వైగై నదిలో దిగేటప్పుడు ఆయన మెడలో ఉండేది శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చిన ఆండాళ్ దండ. తాను ముందు తురుముకుని ఆ పూలనే స్వామికి పంపిన పిల్ల ఆమె. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ తల్లి మీదే. పక్కకు ఒరిగిన ఆమె కొప్పును చూసినప్పుడల్లా, అన్ని పూల బరువు మోసినా చెదరకుండా ఎలా కట్టారో అని నాకు ఆశ్చర్యం.

పూల బరువు నాకూ తగిలింది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లె రేకు మందం, బరువూ ఎక్కువే. అరటినారతో చిక్కగా కట్టిన రెండు మూరలు తెచ్చి అవ్వ పాప తలలో పెట్టింది. పూలను నాకు వేలాడదీస్తే వాటి బరువుకు నేను కిందికి దిగిపోతాను. అది తెలిసిన మనిషి కాబట్టి నా పైన మాడును ఆనుకునేలా మాలను చుట్టి, రెండు వైపులా జుట్టులోకే పిన్నులు గుచ్చింది. వైగై ఒడ్డున జనంలో నలిగి, చెమటలో నాని, అళగరు దిగేదాకా నేను చుట్టు వదల్లేదు. అయితే ఏడాది నూనె తాగిన ఎలాస్టిక్ అప్పటికే డీలా పడింది.

పీళమేడు చేరిన మర్నాడు అవ్వ నా కుట్టు అంగుళం మేర విప్పి, పాత ఎలాస్టిక్ లాగేసి కొత్తది ఎక్కించింది. ఈసారి జానెడు మీద రెండు వేళ్ళు ఎక్కువ కోసింది. పాప జుట్టు ఈ ఏడు ఒత్తయింది, పాత కొలత దానికి చాలడం లేదు.